వెనక్కి తీసుకుంటున్నాము

ఇప్పలగుంపు,
జూలై 8

షహజాదీ,

ఈ కాలంలో ఉత్తరం ఏంటని నవ్వకు. ఇక్కడ సిగ్నల్ కావాలంటే వాగు దాటి గుట్ట ఎక్కాలి. పోయిన నెలాఖరున నువ్వేదో మెసేజీ పెట్టావు, నేను గుట్ట ఎక్కేలోపే తుడిచేశావు. తుడిచేశారన్న ముక్క చదవడానికి అంత ఎత్తు ఎక్కానా అని ఒళ్ళు మండింది. కాగితం మీద రాసింది నువ్వూ తుడవలేవు, నేనూ తుడవలేను. మంగళవారం పోస్టు సీతయ్య వస్తాడు, ఇచ్చి పంపుతాను.

నాకొక ఇంగ్లీషు మాటకి అర్థం కావాలి. విత్‌డ్రా. టీచరువై ఉండి నన్నడుగుతావేంటి అంటావు. మా నాలుగో తరగతిని అడిగాను. విత్ అంటే తోటి, డ్రా అంటే బొమ్మ గీయడం, కాబట్టి తోటివాళ్ళతో కలిసి బొమ్మ గీయడం అన్నారు. అదే అర్థమైతే నాకీ తిప్పలు ఉండేవి కావు.

మా బడి ముందున్న జాగా ఈ ఊరిపెద్ద దస్రు వాళ్ళ నాన్న పిల్లలు ఆడుకోవడానికి ఇచ్చింది. ఏప్రిల్‌లో ఇసుక ర్యాంపు వాళ్ళు వచ్చారు. వానలు పడితే గోదాట్లోకి లారీలు దిగవు, కాస్త ఇసుక ఇక్కడ పోసుకుని బడి తెరిచేలోపు తీసేస్తాం అన్నారు. ఎండాకాలం సెలవులే కదా అని ఊరంతా కూర్చుని సరే అంది. కాగితం లేదు, నోటిమాట. జూన్‌లో నేను తాళం తీసేసరికి ఇసుక కిటికీ ఎత్తు ఉంది, చుట్టూ ముళ్ళకంచె. మూడో వారంలో వెనక్కి వస్తున్న లారీ ఒకటి వంటగది గోడని గుద్దింది. ఆ గోడ దగ్గర పళ్ళేలు కడుక్కుంటున్న ఇద్దరు ఆడపిల్లలు అడుగు దూరంలో బతికిపోయారు. ఆ రోజే ఫిర్యాదు రాశాను. పైన నా సంతకం, కింద ఊరివాళ్ళవి ఇరవై రెండు వేలిముద్రలు. మండల ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను.

నిన్న ర్యాంపు సూపర్‌వైజర్ నాని బండి మీద వచ్చాడు. ఒక కాగితం ఊపుతూ, "ఇరవై రెండు మంది విత్‌డ్రా అయిన్రు మేడం. మీరొక్కరే మిగిలిన్రు. మీది గూడ చేసుకుంటే అయిపాయె" అన్నాడు. కాగితం మాత్రం చేతికివ్వలేదు. ఊళ్ళో అడిగితే, "మేం గట్ల చేయలే టీచరమ్మా" అంటున్నారు. దస్రు అయితే, "మా జాగ మాకొస్తదంటే ఏలు పెట్టిన" అంటాడు. నాని ఒట్టి మాట చెప్పడం లేదు, దస్రూ అబద్ధం ఆడడం లేదు. రెండూ ఎలా నిజమవుతాయి?

నీది అర్జీలు రాసే బల్ల. మహబూబ్ అలీ చాచా చేతికింద నేర్చుకున్న కూతురివి. విత్‌డ్రా అంటే సరిగ్గా ఏమిటో చెప్పు. చేసినదాన్ని మళ్ళీ విత్‌డ్రా చేయొచ్చా? అలాగే మా అమ్మని ఒకసారి చూసి రా. మందులు మింగానని నాతో అబద్ధం ఆడుతోంది.

నీ మహిమ

సత్తుపల్లి,
జూలై 19

మహిమకు సలాం.

నీ ఉత్తరం చూసి అబ్బా తెగ సంబరపడ్డారు. చూపు తగ్గింది కదా, చదవలేరు. కవరు వాసన చూసి, "అడవి నుంచి వచ్చింది" అన్నారు. సవరమ్మ పెద్దమ్మ చేత మందులు నా ఎదురుగా మింగించాను. మాత్ర మింగి, దేవుడికి స్తోత్రం చెప్పి, నన్ను తిట్టింది. బాగానే ఉంది.

విత్‌డ్రా సంగతి అడిగావు. ఈ బల్ల ముందు రోజుకి పదిసార్లు వినే మాట. బ్యాంకు నుంచి వచ్చినవాడికి విత్‌డ్రా అంటే చేతికి రావడం. సర్పంచి పోటీలోంచి తప్పుకున్నవాడికి చేతిలోది పోవడం. తాగుడు మానినవాడికి చేతులు వణికితే డాక్టరు దాన్నీ విత్‌డ్రాయల్ అంటాడట. మొన్న దమ్మపేట నుంచి ఒకావిడ వచ్చి, "కేసు విత్‌డ్రా చేస్తే నా మొగుడు వాపస్ వస్తడా?" అని అడిగింది. కేసు వెళ్తుందమ్మా, మొగుడి సంగతి నాకు తెలియదన్నాను. పేపర్లో ఉపసంహరణ అని రాస్తారు. ఆ మాట నోరు తిరిగిన మనిషి ఇంతవరకు నా దగ్గరికి రాలేదు. అబ్బా వాపసు అని రాసేవారు. నేను వెనక్కి తీసుకోవడం అని రాస్తాను.

మళ్ళీ విత్‌డ్రా చేయొచ్చా అంటే, చట్టంలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఆఫీసులో ఉండదు. ఒకసారి మాట మార్చినవాళ్ళని రెండోసారి ఎవరూ కూర్చోబెట్టరు.

నా సలహా వింటావా? సంతకం పెట్టెయ్. ఇంకో ఏడాదికి నీకు బదిలీ వస్తుంది. ఊరివాళ్ళకి లేని పట్టుదల నీకెందుకే? వాళ్ళ జాగా, వాళ్ళ ఇసుక, వాళ్ళ గొడవ. నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతే. పరీక్షలో పక్కదానికి పేపరు చూపించలేదని నీతో ఎవరూ మాట్లాడకపోతే, ఆ నెలంతా నాకు బోరు కొట్టింది.

ఆ కాగితం కాపీ నీకు ఇవ్వలేదు కదా? ఇవ్వరులే. అడగకు కూడా.

షహజాది

ఇప్పలగుంపు,
ఆగస్టు 2

షహజాదీ,

అడగకు అన్నావు కాబట్టి అడిగాను. రాతపూర్వకంగా అడిగితే మండల ఆఫీసు గుమస్తా తలగోక్కుని జిరాక్సు ఇచ్చాడు. అందులో వాక్యం ఒక్కటే ఉంది. చూసి రాస్తున్నాను:

"బడి స్థలం విషయములో మేము ఇచ్చినదానిని, ఎవరి బలవంతమూ, ప్రలోభమూ, మొహమాటమూ లేకుండా, మా ఇష్టపూర్వకముగా వెనక్కి తీసుకుంటున్నాము."

బలవంతం, ప్రలోభం అన్న మాటలు ప్రతి అర్జీలోనూ ఉంటాయి. మొహమాటం ఎవరు రాస్తారే? మన దగ్గర కత్తికి భయపడి సంతకం పెట్టేవాళ్ళకన్నా మొహమాటపడి పెట్టేవాళ్ళే ఎక్కువని, ఆ మాట చాచా కలిపారు. ఇంటర్లో ఉన్నప్పుడు మనం ఆ బల్ల పక్కన జామకాయలు తింటూ దానికి పడీపడీ నవ్వేవాళ్ళం. జిల్లా మొత్తం మీద ఆ మాట రాసే బల్ల ఒక్కటే.

ఇక "ఇచ్చినదానిని". ఏమి ఇచ్చినదానిని? కాగితం మొత్తం వెతికాను, ఫిర్యాదు అన్న మాట ఎక్కడా లేదు. ఆఫీసులో ఫిర్యాదూ ఇస్తాం. బడికి జాగానూ ఇస్తాం. ఆఫీసు సారు చదివితే ఫిర్యాదు వెనక్కి పోతుంది, దస్రు వింటే జాగా వెనక్కి వస్తుంది. నాని ఇంటింటికీ తిరిగి ఈ వాక్యం పైకి చదివి వినిపించాడట. జాగా ఇచ్చేస్తున్నారని అందరూ సంతోషంగా వేలు పెట్టారు. ఒకావిడ అతనికి ఇప్పపూల లడ్డు కూడా పెట్టింది. ఇది చెయ్యి జారిన వాక్యం కాదు. ఇంత బాగా జారాలంటే కావాలనే రాయాలి.

పెట్టెయ్ అని సలహా ఇచ్చావు. మా పైసారు కూడా అదే మాట. పెట్టకపోతే అనుమతి లేకుండా ఫిర్యాదు చేసినందుకు చర్య తీసుకుంటామని మెమో పంపాడు. పెట్టను. ఉద్యోగం పోతే మా అమ్మలా మిరపతోటలో కూలికి పోతాను. గోడ పక్కన ఆ పిల్లలు బిగుసుకుపోయి నిలబడటం నేను చూశాను. చూడలేదని ఎలా రాయను?

కాగితం నువ్వు రాశావా? ఒక్క మాటలో చెప్పు.

మహిమ

సత్తుపల్లి,
ఆగస్టు 11

మహిమా,

రాశాను.

షహజాది

సత్తుపల్లి,
ఆగస్టు 14

మహిమకు,

ఒక్క మాట అడిగావు కాబట్టి మొన్న ఒక్క మాటే రాశాను. మిగతాది ఇది.

నాని జూన్ ఆఖర్లో వచ్చాడు. ఇరవై రెండు పేర్ల లిస్టు తెచ్చాడు. "ఫిర్యాదు అన్న మాట వద్దక్కా. అది ఇనబడితే వాళ్ళు ఏలు పెట్టరు. జర నున్నగ రాయి" అన్నాడు. ఊరి పేరు చూశాను. నువ్వు అక్కడే పని చేస్తున్నావని నాకు తెలియదా? తెలుసు. లిస్టులో నీ పేరు లేదు కదా, నీకేం కాదులే అనుకున్నాను. నున్నగా రాయడం నాకు వచ్చు. రాసి, రెండుసార్లు చదువుకుని, భలే కుదిరిందని మురిసిపోయాను కూడా. ఇది చెప్పకపోతే నేను ఒప్పుకున్నది సగమే అవుతుంది.

ఆ సాయంత్రమే మనసు పీకి నీకు మెసేజీ పెట్టాను. "మీ ఊరివాళ్ళ కాగితం ఒకటి నా దగ్గర తయారైంది, వేలు పెట్టనివ్వకు" అని. పావుగంటకి భయమేసి తుడిచేశాను. నువ్వు ఆ గుట్ట ముందే ఎక్కి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

మొన్న అబ్బాకి చదివి వినిపించాను. మొహమాటం అన్న మాట దగ్గర ఆపమని చెయ్యెత్తారు. "ఆ మాట నేను వాళ్ళని కాపాడనీకి పెట్టిన బేటీ. నువ్వు దాన్ని వాళ్ళ మీదికే తోలినవ్" అన్నారు. మూడు రోజులుగా నా చేతి చాయ్ తాగడం లేదు. తిట్టినా బాగుండును.

ఇందులో అఫిడవిట్ పెట్టాను, నోటరీ కూడా అయింది. ఆ వాక్యం నేనే టైపు చేశానని, ఫిర్యాదు అన్న మాట రాయవద్దని నానియే చెప్పాడని, వేలిముద్రలు వేసినవాళ్ళలో ఒక్కరూ నా ఎదురుగా రాలేదని అందులో ఉంది. ఎక్కడైనా ఇవ్వు, ఎవరికైనా చూపించు.

నన్ను క్షమించు మహిమా.

షహజాది

ఇప్పలగుంపు,
ఆగస్టు 25

షహజాదికి,

అఫిడవిట్ అందింది, ఉంచుకున్నాను. క్షమాపణ అందింది, తిప్పి పంపుతున్నాను. వేలు పెట్టింది నేను కాదు. పెట్టినవాళ్ళు ఇరవై రెండు మంది ఉన్నారు, అడిగితే వాళ్ళని అడుగు.

నీ మీద ఎంత కోపంగా ఉందంటే, నీ ఉత్తరాలు పొయ్యిలో పెట్టబోయి, సాక్ష్యానికి పనికొస్తాయని ఆగాను. నువ్వు ఎవరో ముక్కూ మొహం తెలియని టైపిస్టువైతే ఇంత మండేది కాదు.

దాని కాపీ మండల ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను; విచారణ సెప్టెంబర్ 11న, అక్కడే. నీ అఫిడవిట్ రచ్చబండ దగ్గర అందరికీ చదివి చెప్పాను. తిడతారనుకున్నాను. దస్రు మాత్రం నీ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. "రాసినామెకు తెలుగు మంచిగొచ్చు టీచరమ్మా" అన్నాడు. అందులో వెటకారం ఉందో లేదో నాకు అర్థం కాలేదు. అప్పటి నుంచి రోజూ బడి వదిలాక వచ్చి ఆ ఒక్క వాక్యం చదవడం నేర్చుకుంటున్నాడు. ఎందుకయ్యా అంటే, "మాకు తెలుగు రాదనుకుంటున్రు గద" అంటాడు. మొహమాటంలో 'హ' దగ్గర ఇంకా తడబడుతున్నాడు.

నాకు తెలిసిన వకీలాయన ఒకరు చెప్పారు: బలవంతంగా పెట్టించారని ఊరివాళ్ళు అంటే కాగితం చెల్లదట. అదే చెప్పమని అందరికీ చెప్పాను. అది తప్ప నాకు వేరే దారి కనిపించడం లేదు.

మహిమ

సత్తుపల్లి,
సెప్టెంబర్ 2

మహిమకు,

నిన్న నాని వచ్చాడు. వెంట ఇంకో ఇద్దరు. నలుగురూ చూస్తుండగానే, "అఫిడవిట్ విత్‌డ్రా చేసుకో అక్కా. పొరపాటున రాసిన అని రాయి, ఐపోతది" అన్నాడు. మంచిగా చెప్పాడు, తర్వాత మంచిగా కాకుండా చెప్పాడు. ఈ బల్ల ఇక్కడ ఉండదన్నాడు. ర్యాంపుల కాగితాలన్నీ ఇకపై వేరే షాపుకి పోతాయన్నాడు.

నేను కంప్యూటర్ ఆపేసి లేచి నిలబడ్డాను. "వెనక్కి తీసుకునే కాగితాలు నేను ఇక నున్నగ రాయను తమ్ముడూ. రాసిన ఒక్కటి చాలు. నువ్వు బల్ల తీసేస్తే చెట్టు కింద కూర్చుని చేత్తో రాస్త. మా అబ్బా మొదలుపెట్టింది గట్లనే" అన్నాను. పక్క జిరాక్సు షాపు జావీద్ కుర్చీ తెచ్చి నా పక్కన వేసుకుని కూర్చున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఈ వారంలో నలుగురు పాత క్లయింట్లు దూరంగా తిరిగి వెళ్ళారు. వెళ్ళనీ.

పదకొండో తారీఖున నేను వస్తున్నాను. నువ్వు పిలవలేదు, తెలుసు. నీ ముఖం చూడటానికి కాదు, ఆ ఇరవై రెండు మంది ముఖాలు చూడటానికి. అబ్బాకి చెప్తే తన ఇస్త్రీ శాలువా తీసి నా సంచిలో పెట్టారు.

షహజాది

ఇప్పలగుంపు,
సెప్టెంబర్ 14

షహజాదీ,

నీ వాంగ్మూలం అవగానే నిన్ను బయటికి పంపేశారు, నువ్వు నాలుగింటి బస్సుకి వెళ్ళిపోయావు. ఆవరణలో ఆ ఇరవై రెండు మంది ముందు నువ్వు చేతులు కట్టుకుని నిలబడటం కిటికీలోంచి చూశాను. వాళ్ళు నీకేం చెప్పారో నేను అడగలేదు. లోపల ఏం జరిగిందో మాత్రం నీకు తెలియాలి.

విచారణ సారు దస్రుని పిలిచి వేలిముద్ర నీదేనా అన్నాడు. నాదే అన్నాడు. "బలవంతంగా పెట్టించారా?" అని అడిగాడు. అవునంటే చాలు. దస్రు, "లేదు సార్. ఇష్టంగనే పెట్టిన" అన్నాడు. నాని ముఖం వెలిగిపోయింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, ఇన్నాళ్ళ కష్టం గంగపాలైందనుకున్నాను.

"అయితే ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టేగా?"

"ఫిర్యాదు ఏడుంది సార్ ఈ కాయితంల?" అని దస్రు జేబులోంచి జిరాక్సు తీసి సారు బల్ల మీద పరిచాడు. వాక్యం కింద వేలు జరుపుతూ మొత్తం చదివాడు. 'హ' దగ్గర ఆగలేదు.

"మేము ఇచ్చినదానిని అని ఉంది సార్. అర్జీ రాసింది టీచరమ్మ, మేం కింద ఏలు పెట్టినం గంతే, పట్కపోయి ఇచ్చింది గూడ టీచరమ్మనే. మేం ఇచ్చింది జాగ. మా నాయిన బడికిచ్చిండు. ఎండకాలం మేం ఇసుకకిచ్చినం. దాన్ని వెనక్కి తీసుకుంటున్నం. మాకు బలవంతం లేదు, మొహమాటం గూడ లేదు. కాయితం తెచ్చింది వాళ్ళే, చదివి ఇనిపించింది వాళ్ళే. దీన్ని కొట్టేయకున్రి సార్, గిదే ఉండనియ్యిన్రి."

గుమ్మంలో మూగిన ఊరివాళ్ళంతా, "అవ్, గిదే ఉండనియ్యిన్రి" అన్నారు.

"అది ఫిర్యాదు గురించి సార్!" అని నాని అరిచాడు. "మరి ఆ మాట ఎందుకు వద్దన్నావు?" అని సారు అడిగాడు. నీ అఫిడవిట్ ఆయన చేతికిందే ఉంది.

సారు ఏమీ తేల్చలేదు. పైకి రాస్తానన్నాడు. ఎన్ని రోజులు పడుతుందంటే చూద్దామన్నాడు. నేను పై ఆఫీసులకి వెళ్ళే దారులన్నీ లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చాను. వీళ్ళు లెక్కపెట్టలేదు. మర్నాడు పొద్దున నేను బడికి వెళ్ళేసరికి కంచె లేదు. పీకి, చుట్టలు చుట్టి గోడవారన పెట్టారు. గేటుకి అడ్డంగా ఆడవాళ్ళూ మగవాళ్ళూ కూర్చున్నారు. ఇసుక తెచ్చే లారీని రానివ్వరు, ఖాళీగా వచ్చి నింపుకుని పోయే లారీకైతే లేచి దారి ఇస్తారు.

నాని బండి దిగి ఊగిపోయాడు. "ఎవరిచ్చిండు మీకు ఆర్డరు?"

దస్రు కూర్చున్న చోటి నుంచే కాగితం చూపించాడు. "నువ్వే ఇచ్చినవ్."

నిన్నటికి ఇసుక కిటికీ కిందికి దిగింది. నా తరగతి గదిలోకి వెలుతురు వస్తోంది. ఇంకా వారం పడుతుందేమో, కూర్చున్నవాళ్ళు మాత్రం వంతులు వేసుకుంటున్నారు. నేనూ బడి వదిలాక కూర్చుంటున్నాను.

నిన్న గుట్ట ఎక్కితే పైసారు ఫోను. "జాగా ఖాళీ అవుతోందటగా, ఇక నీ ఫిర్యాదుతో పనేముంది, విత్‌డ్రా చేసుకో" అన్నాడు. చేసుకోను సార్ అన్నాను. జాగా తెచ్చుకున్నది వాళ్ళు. గోడ గుద్దిన లారీ సంగతి, బడి ముందు జూన్ నుంచి ఇసుక ఉంటే ఎవరూ ఎందుకు అడగలేదన్న సంగతి, నాకు పంపిన మెమో సంగతి అలాగే ఉన్నాయి. మెమో మీద ఇంకో మెమో ఇస్తానన్నాడు. దానికి కూడా రసీదు రాసిస్తానన్నాను.

నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే నేను నున్నగా రాసినట్టు. దసరా సెలవులకి సత్తుపల్లి వస్తున్నాను. పైసారుకి పైసారు ఉంటాడు కదా, ఆయనకి ఇవ్వాల్సిన అర్జీ ఒకటి ఉంది. అది నీ బల్ల మీదే టైపు చేయించుకుంటాను. ఫిర్యాదు అన్న మాట మొదటి వాక్యంలోనే ఉండాలి. నేను పక్కన కూర్చుని చూస్తాను.

మహిమ